గోడకు కళ్లొచ్చాక

కొరియాలో కొత్త అపార్ట్‌మెంట్లోకి దిగిన కుటుంబానికి హాలు గోడలో అప్పటికే బిగించిన పలక ఒకటి ఎదురవుతుంది. అక్కడివాళ్లు దాన్ని వాల్‌ప్యాడ్ అంటారు. చూడ్డానికి మన ట్యాబ్‌లా ఉంటుంది. లైట్లు, చలికాలంలో నేలను వెచ్చబెట్టే గొట్టాలు, గ్యాస్ వాల్వు, కింద గేటు దగ్గర నిలబడ్డ కొరియర్ కుర్రాడి ముఖం, లిఫ్టును మన అంతస్తుకు రప్పించడం, అన్నీ దాని మీదే. బెల్లు మోగితే "ఎవరూ?" అని మూడుసార్లు అరిచి, జవాబు రాక చివరికి తలుపు తీసి చూసే మనలాంటివాళ్లకు కాస్త ఈర్ష్య పుట్టించే వస్తువే. వీడియో కాల్ కోసమని చాలా మోడళ్లకు చిన్న కెమెరా కూడా పెట్టారు. అది రాత్రీ పగలూ హాలు వైపే చూస్తూ ఉంటుంది.

2021 నవంబరులో ఆ కెమెరాల్లోంచి దొంగిలించిన దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయన్న వార్త అక్కడ గుప్పుమంది. వెనకే, సుమారు 700 అపార్ట్‌మెంట్ సముదాయాల పేర్లతో ఒక జాబితా చేతులు మారింది. ఇంటర్ ఫలితాల రోజున మనం హాల్‌టికెట్ నంబరు వెతుక్కున్నట్టు జనం తమ సముదాయం పేరు వెతుక్కున్నారు. ప్రభుత్వం సలహాలు ఇచ్చింది. పాస్‌వర్డు 1234 లాంటిది పెట్టుకోకండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోండి, వాడనప్పుడు కెమెరాకు ఏదైనా అడ్డం పెట్టండి అని. ఇంటర్నెట్ వేగంలో ప్రపంచానికే పాఠాలు చెప్పగల దేశంలో ఇంటిల్లిపాదీ కూర్చుని గోడకు స్టిక్కర్లు అంటించుకున్నారు.

ఏడాది గడిచాక, 2022 డిసెంబరులో, పోలీసులు ఒక వ్యక్తిని పట్టుకున్నట్టు ప్రకటించారు. అతను చొరబడింది 638 సముదాయాల్లోకి, 4,04,847 ఇళ్ల వాల్‌ప్యాడ్లలోకి అన్నారు. ముప్పైల్లో ఉన్న మనిషి, వృత్తి కంప్యూటర్ భద్రత. అపార్ట్‌మెంట్ల నెట్‌వర్కులు ఎంత బలహీనమో అంతకుముందు మీడియాలో నిపుణుడిగా వివరించింది కూడా అతనే. కంచే చేను మేసింది. తన జాడ దొరక్కుండా హోటళ్లు, లాడ్జిల్లాంటి చోట్ల ఉన్న వైఫై రూటర్లలోకి ముందు దూరి, వాటిమీదుగా వెళ్లాడట. ఎక్కడో భోజనం హోటల్ యజమాని పట్టించుకోకుండా వదిలేసిన రూటర్‌కు కూడా ఈ కథలో వేషం ఉందన్నమాట.

అయినా నన్ను ఆపింది ఆ నాలుగు లక్షల అంకె. ఒక్క మనిషి నాలుగు లక్షల ఇళ్ల పాస్‌వర్డులు ఒక్కొక్కటే ఊహించి తీయగలడా? అతనికి ఆ అవసరమే రాలేదు. ప్రతి సముదాయానికీ ఒక ఉమ్మడి సర్వర్ ఉంటుంది. ఇళ్లలోని వాల్‌ప్యాడ్లన్నీ దానికే కలుస్తాయి. ఇంటింటికీ మధ్య నెట్‌వర్కులో అడ్డుగోడ లేదు. సర్వర్‌లోకి దూరినవాడికి పదో అంతస్తూ ఒకటే, ఇరవయ్యో అంతస్తూ ఒకటే. బయట గేటుకు పెద్ద తాళం వేసి, లోపల ఏ ఫ్లాటుకూ తలుపు బిగించకుండా ఇళ్లు కట్టి అప్పగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది వ్యవహారం. అలాంటి ఇంట్లో ఉన్నవాణ్ని "మీ పాస్‌వర్డు మార్చుకోండి" అంటే, తలుపులేని గుమ్మానికి తాళం కొనుక్కోమన్నట్టే.

ఆ పలకను ఎంచుకున్నది ఇంటాయన కాదు. ఏ కంపెనీది, ఎక్కడ బిగించాలి, ఏ తీగకు కలపాలి అన్నీ బిల్డరే తేల్చాడు. కొన్నవాడికి అది స్నానాలగది టైల్సులాగా ఇంటితోపాటు వచ్చింది. టైల్సు నచ్చకపోతే పీకేసి వేరేవి వేయించుకోవచ్చు. దీన్ని పీకితే గేటూ, గ్యాస్ వాల్వూ హాల్లోంచి చూసుకునే వీలే పోతుంది.

కొరియా ప్రభుత్వం ఈ సంగతి గ్రహించింది. స్టిక్కరు సలహాతో ఆగకుండా ఇంటి నెట్‌వర్కుల సాంకేతిక ప్రమాణాలను సవరించి, 2022 జులై 1 నుంచి కొత్తగా కట్టే సముదాయాల్లో ఏ ఇంటి నెట్‌వర్కు ఆ ఇంటికే విడిగా ఉండాలని రూలు పెట్టింది. వేరే తీగే వేస్తారో, ఒకే తీగ మీద సాఫ్ట్‌వేర్‌తో గోడ కడతారో కట్టేవాడి ఇష్టం, పక్కింటి నుంచి మన ఇంట్లోకి దారి మాత్రం ఉండకూడదు. నాకు ఇందులో నచ్చింది బాధ్యత చేతులు మారిన తీరు. నిన్నటిదాకా ఇల్లాలి మీద, ఇంటాయన మీద ఉన్న బరువును తీసి, కాంక్రీటు పోసినవాడి మీద పెట్టారు. అగ్నిమాపక గొట్టాలు వేయలేదేమని ఫ్లాటు కొన్నవాణ్ని ఎవరూ నిలదీయరు కదా.

నచ్చనిదీ ఒకటి ఉంది. ఆ రూలు కొత్తవాటికి. వార్తల్లోకెక్కిన ఆ నాలుగు లక్షల ఇళ్లు అప్పటికే కట్టేసినవి. వాటికి మిగిలింది స్టిక్కరే. చట్టాలకు ఎప్పుడూ రేపు కట్టబోయే ఇల్లే కనిపిస్తుంది. మనుషులు ఉండేది మాత్రం నిన్న కట్టిన ఇంట్లో.

ఈ పాతవాటి సంగతి గురించి సీరియస్‌గా తల పట్టుకున్న దేశం జపాన్. అది చేసిన పని వింటే మొదట ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ప్రభుత్వమే పౌరుల రూటర్లు, కెమెరాల తలుపులు తట్టి, మామూలు పాస్‌వర్డులతో తెరుచుకుంటాయేమో చూసింది.

దానికి ఒక నేపథ్యం ఉంది. 2016లో మిరాయ్ అనే వైరస్ పుట్టింది. పేరు జపానుదే, "భవిష్యత్తు" అని అర్థం. పుట్టించింది మాత్రం అమెరికా కుర్రాళ్లు ముగ్గురు. దాని తెలివి పెద్దదేమీ కాదు. ఫ్యాక్టరీలో పెట్టి పంపే అడ్మిన్, రూట్ లాంటి యూజర్ పేర్లు, పాస్‌వర్డుల జతలు అరవై చిల్లర దగ్గర పెట్టుకుని, ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి కెమెరా, డీవీఆర్, రూటర్ మీద వాటిని వరసగా ప్రయోగించడమే. తెరుచుకున్నవి దాని సైన్యం. ఆ సైన్యాన్ని అదే ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్లకు దారి చూపే ఒక కంపెనీ మీదికి వదిలితే, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మూలుగుతూ కూర్చున్నాయి. కెమెరా సొంతదారుకు మాత్రం ఏ లోటూ తెలియలేదు. కెమెరా ఎప్పటిలాగే వాకిలి చూపిస్తూనే ఉంది. ఈ రోగానికున్న పెద్ద చిక్కు ఇదే, సోకినవాడికి జ్వరం రాదు. నొప్పి లేనివాడు డాక్టరు దగ్గరికి ఎందుకు పోతాడు?

ఒలింపిక్స్ మీదపడుతున్న జపాన్‌కు ఇది భయం పుట్టించింది. 2018లో తమ జాతీయ సమాచార సాంకేతిక పరిశోధన సంస్థకు సంబంధించిన చట్టాన్ని సవరించారు. అనుమతి లేకుండా ఇంకొకరి పరికరంలోకి లాగిన్ అవడం అక్కడ నేరం. ఈ ఒక్క సంస్థకు, ఈ ఒక్క పనికి, ఐదేళ్లపాటు మినహాయింపు ఇచ్చారు. 2019 ఫిబ్రవరి 20న పని మొదలైంది. పథకానికి పెట్టిన పేరు నోటీస్. దేశంలోని సుమారు 20 కోట్ల ఇంటర్నెట్ చిరునామాలు లక్ష్యం. చేతిలో ఓ వంద పాస్‌వర్డుల జాబితా. తెరుచుకున్న చోట లోపలికి వెళ్లి కెమెరాలో ఏముందో చూడటం వాళ్ల పని కాదు. ఫలానా చిరునామా తెరుచుకుంది అని ఆ ఇంటికి నెట్ ఇచ్చే కంపెనీకి చెప్తారు. ఇంటివాళ్లకు ఉత్తరమో మెయిలో రాసేది ఆ కంపెనీ. పాస్‌వర్డు మార్చడం చేతకానివాళ్లకు ఒక సహాయ కేంద్రం. ఇదీ ఏర్పాటు.

అక్కడా గోల జరిగింది. ఉత్తరప్రత్యుత్తరాల రహస్యాన్ని జపాన్ రాజ్యాంగమే కాపాడుతుంది. దొంగలు తడతారని చెప్పి సర్కారే తట్టడం ఏమిటన్న వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తొలి నెలల ఫలితాలు బయటికొచ్చాయి. సుమారు 9 కోట్ల చిరునామాలు చూస్తే, పాస్‌వర్డు ఊహించి లోపలికి వెళ్లగలిగినవి 147. ఈ అంకె చదివి నాకూ మొదట నవ్వొచ్చింది, కొండను తవ్వి ఎలుకను పట్టారని. తర్వాత అనిపించింది, ఆ 147 మందిలో ఒక్కరికైనా ఉత్తరం అందేదాకా తమ ఇంటి కన్ను తెరిచి ఉందని తెలిసి ఉండదు కదా అని. జాబితాను ఆ తర్వాత పెంచారు. గడువు దగ్గరపడ్డాక చట్టాన్ని మళ్లీ సవరించి పథకాన్ని పొడిగించారు, సాఫ్ట్‌వేర్ లోపాలున్న పరికరాలను కూడా చేర్చారు. కొత్తవాటి సంగతి వేరే చూసుకున్నారు. నేరుగా ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలు ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చమని అడిగేలా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోగలిగేలా ఉండాలని 2020 ఏప్రిల్ నుంచి ప్రమాణం పెట్టారు.

ఇదే అధికారం మన ప్రభుత్వాలకు ఇద్దామా అంటే నేను చేయెత్తను. తలుపు తట్టడానికి వచ్చినవాడు వచ్చాం కదా అని లోపల కూర్చోడని నమ్మకం కుదరాలి. అయితే జపాన్ నుంచి ఎరువు తెచ్చుకోవాల్సింది ఆ అధికారం కాదు, దాన్ని ఇరుకు చేసిన పద్ధతి. ఎవరు తట్టాలి, ఏ పాస్‌వర్డులతో తట్టాలి, తెరుచుకుంటే ఏం చేయకూడదు, ఎన్నేళ్లు అన్నీ ముందే రాసుకున్నారు. ఉత్తరం రాసేవాడు పోలీసు కాదు, నెలనెలా బిల్లు పంపే నెట్ కంపెనీ. ఆ చివరి ముక్క మనకిక్కడ చట్టం లేకపోయినా చేయదగ్గదే. మా వీధిలో నెట్ ఇచ్చే కుర్రాడు బిల్లు కోసం నెలకు నాలుగు మెసేజీలు పెడతాడు. ఐదోది పెట్టలేడా?

బ్రిటన్ దారి ఇంకా సూటి. 2024 ఏప్రిల్ 29 నుంచి అక్కడ ఇంట్లో వాడే స్మార్ట్ పరికరాలను అన్నిటికీ ఒకే పాస్‌వర్డుతో అమ్మడానికి వీల్లేదు. లోపం కనిపెట్టినవాళ్లు చెప్పుకోవడానికి ఒక చిరునామా ఇవ్వాలి, ఎన్నాళ్లు అప్‌డేట్లు ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలి. తప్పితే జరిమానా కోటి పౌండ్లదాకా, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 4 శాతం దాకా. సింగపూర్ అయితే మన ఫ్రిజ్‌ల మీద కరెంటు స్టార్లలాగా భద్రతకు నాలుగు మెట్ల లేబుల్ పెట్టింది, 2020లో. ఏసీ కొనేటప్పుడు "ఫైవ్ స్టారేనా?" అని అడగడం మనకు ఎవరూ బళ్లో చెప్పలేదు. లేబుల్ అంటించారు, అడగడం అదే వచ్చింది.

మన దగ్గర ఏమీ లేదనడం అబద్ధం. 2025 ఏప్రిల్ 9 నుంచి దేశంలో అమ్మే సీసీ కెమెరాలు ప్రభుత్వం గుర్తించిన ల్యాబుల్లో భద్రతా పరీక్షలు దాటాలి. చాలా దేశాలు ఇంకా సలహాల దగ్గరే ఉండగా మనం నిబంధన పెట్టాం, మెచ్చుకోవాల్సిందే. కానీ చూడండి, ఇదీ కొరియా రూలు లాంటిదే. రేపు కొనే కెమెరాకు. తెలుగు రాష్ట్రాల్లో కెమెరాల కథ దానికి ఎంతో ముందు మొదలైంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంగా ఉండగానే ప్రజా భద్రత చట్టం తెచ్చి, జనం గుమిగూడే చోట్ల కెమెరాలు తప్పనిసరి చేశారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో "నేను సైతం" పేరుతో కాలనీలు, దుకాణాలు చందాలు వేసుకుని మరీ పెట్టించుకున్నాయి. కేసులు తేలాయి, దొంగలు దొరికారు, కాదనను. ప్రారంభోత్సవాల్లో ఎన్ని కెమెరాలు పెట్టారో చదివారు. ఎన్నిటికి పాస్‌వర్డు మార్చారో చదివిన సభ ఒక్కటీ నేను చూడలేదు.

పాతవి ఏం చేస్తాయో గుజరాత్‌లో తెలిసింది. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో గర్భిణులను పరీక్షించే గది దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. అసలు ఆ గదిలో కెమెరా ఎందుకు ఉందన్నది మొదటి ప్రశ్న. దానికి తీసిపోనిది రెండోది, పాస్‌వర్డు ఎవరు పెట్టారు, ఎప్పుడు మార్చారు అన్నది. అదే ఏడాది చివర కొరియా పోలీసులు 1,20,000 కెమెరాల్లోకి చొరబడ్డ కేసులో నలుగురిని పట్టుకున్నారు. అక్కడా సులువైన పాస్‌వర్డులే. అంటే వాల్‌ప్యాడ్ల గుణపాఠం తర్వాత కూడా, ఎవరికి వారు కొని పెట్టుకున్న కెమెరాల దగ్గర ఆ దేశం మళ్లీ మొదటికే వచ్చింది.

మనకు ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నల హాల్లో కెమెరా పెట్టించి, డాలస్ నుంచి యాప్‌లో చూసుకునే కొడుకులు, కూతుళ్లు మన ఇళ్లల్లో ఎందరో. అది ప్రేమే. నాన్న మందు వేసుకున్నాడా, అమ్మ లేచిందా అని. పాస్‌వర్డు మాత్రం డాలస్‌లో ఉంటుంది, కెమెరా గుంటూరులో. మధ్యలో దాన్ని బిగించిన కుర్రాడి ఫోన్లో కూడా ఒకసారి లాగిన్ అయి ఉంటుంది, "టెస్టింగ్ కోసం". అమ్మ మటుకు పట్టుచీర మార్చుకోవాల్సి వస్తే ఆ కెమెరా మీద తువ్వాలు వేస్తుంది. కొరియా ప్రభుత్వం 2021లో చెప్పిన సలహా ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన మన చట్టం ఇంట్లో సొంత అవసరానికి ఒక మనిషి చేసేదాన్ని వదిలేస్తుంది. కొడుకు కెమెరా దాని కిందికి రాదు. మరి ఎనభై ఇళ్ల రాకపోకలు రికార్డు చేసే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒక మనిషి కాదు కదా! నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలవడానికి 18 నెలల గడువుంది. ఈలోగా హైదరాబాద్‌లో నార్సింగి, కోకాపేట వైపు పోతే ప్రతి హోర్డింగు మీదా స్మార్ట్ హోమే. మనవాళ్లు సైట్‌కి వెళ్లి వాస్తు అడుగుతారు, కార్పెట్ ఏరియా అడుగుతారు, మంజీరా నీళ్లొస్తాయా అని అడుగుతారు. ఇంటి నెట్‌వర్కు పక్కింటికి కలిసి ఉందా, విడిగా ఉందా అని అడిగినవాణ్ని చూస్తే సేల్స్ అమ్మాయి మేనేజర్‌ని పిలుచుకొస్తుంది.

ఇదంతా చదివిన ఊపులో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గదిలోకి వెళ్లాను. ఎనభై చిల్లర ఫ్లాట్లకు ఒక డీవీఆర్. దాని పక్కన గోడ మీద మార్కర్‌తో యూజర్ పేరూ, పాస్‌వర్డూ రాసి ఉన్నాయి, ఎవరైనా వచ్చి అడిగితే వెతుక్కోకుండా. పేరు అడ్మిన్. పాస్‌వర్డు అడ్మిన్ తర్వాత మూడు అంకెలు. ఏ అంకెలో మీరు సరిగ్గానే అనుకున్నారు.

కమిటీలో చెప్పాను. కొరియా కథ రెండు నిమిషాలు ఆసక్తిగా విన్నారు. ట్రెజరర్ గారు "దీనికి ఎంతవుతుంది?" అన్నారు. ఏమీ కాదన్నాక ఒప్పుకున్నారు. కెమెరాలు బిగించిన కుర్రాణ్ని పిలిపించాం. "పాస్‌వర్డ్ మారిస్తే మళ్లీ సర్వీసుకొచ్చినప్పుడు మాకెట్ల తెలుస్తది సార్?" అన్నాడు. అతని బాధా నిజమే, అతను చూసుకునే అపార్ట్‌మెంట్లు నలభై, అన్నిటికీ ఒకటే పెట్టుకున్నాడు. మార్చే ముందు, ఎవరెవరి ఫోన్లలో ఈ కెమెరాలు తెరుచుకుంటున్నాయో చూపించమన్నాను. తెర మీద పేర్లు వచ్చాయి. ఇప్పటి సెక్రటరీ గారు, ట్రెజరర్ గారు, సర్వీసు కుర్రాడు. నాలుగోది పాత సెక్రటరీ గారిది. ఆయన ఫ్లాటు అమ్మేసి, కూతురి దగ్గరికి కెనడా వెళ్లి మూడేళ్లు దాటింది. లిఫ్టు, పార్కింగు, పిల్లలు ఆడుకునే జాగా అన్నీ ఆయన ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి.

"తీసేయమంటారా సార్?" అన్నాడు కుర్రాడు, వేలు తెర మీద ఆనించి.

ట్రెజరర్ గారు కాసేపు ఇబ్బంది పడ్డారు. "ఆగు బాబూ. పెద్దాయన. ముందు ఆయనకో మాట చెప్పి తీసేద్దాం. చెప్పకుండా తీస్తే ఏం బాగుంటుంది?"